రోజూ తిరిగే స్పోర్ట్స్ కారుకి పవర్ పెంచాలంటే: తిరుపతి ఎండకి, ఘాట్‌కి తట్టుకునేలా ఎలా చేయాలి

మన తిరుపతి, చిత్తూరు వైపు స్పోర్ట్స్ కారు అంటే ఎక్కువ మంది దగ్గర ఉండేది రెండు సీట్ల ఇంపోర్టెడ్ బండి కాదు. పాత పోలో జీటీ టీఎస్ఐ, వర్టస్ జీటీ, స్లావియా 1.5, ఐ20 ఎన్ లైన్, బడ్జెట్ ఉన్నవాళ్ళ దగ్గర ఆక్టావియా ఆర్ఎస్. పొద్దున పిల్లల్ని బడి దగ్గర దించి, రేణిగుంట రోడ్డు మీదుగా ఆఫీసుకెళ్ళి, ఆదివారం కాణిపాకానికో మదనపల్లెకో వెళ్ళొచ్చే కార్లు ఇవి. వీటికి ఇంకాస్త పికప్ కావాలనిపించడం సహజం. ఈ ఇంజన్లలో ఆ అవకాశం నిజంగానే ఉంది కూడా. ఈ గైడ్ అలాంటి కారు కోసం రాస్తున్నాను. ట్రాక్ మీద మాత్రమే తిప్పే బండికి లెక్కలు వేరు.

మే నెల మధ్యాహ్నం ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుని, అలిపిరి తనిఖీ లైన్లో కదుల్తూ ఆగుతూ ముందుకెళ్ళి, వెంటనే ఘాట్ ఎక్కేటప్పుడు కారులో ఎంత పవర్ మిగులుతుందో అదే మీ కారు అసలు పవర్. చల్లటి గదిలో, ముందు పెద్ద ఫ్యాన్ పెట్టి డైనో (కారు పవర్ కొలిచే యంత్రం) మీద తీసిన అంకె దాని తర్వాతే. ఇక్కడ చెప్పే క్రమమంతా ఆ ఒక్క లెక్క మీదే నడుస్తుంది. అందుకే రీమ్యాప్, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ) లోపలి ఫైల్ మార్చడం, చాలా ఆలస్యంగా వస్తుంది. ఓపిక పట్టండి.

ముందు, ఉన్న పవర్ మొత్తం వస్తోందా చూడండి

అరవై, డెబ్బై వేల కిలోమీటర్లు తిరిగిన టర్బో (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపేది) ఉన్న కారు కొత్తలో లాగినట్టు లాగకపోతే ఆశ్చర్యం లేదు. స్పార్క్ ప్లగ్‌లు అరిగిపోయి ఉండొచ్చు, ఒక ఇగ్నిషన్ కాయిల్ బలహీనపడి ఉండొచ్చు, టర్బో నుంచి ఇంజన్‌కి గాలి తీసుకెళ్ళే గొట్టంలో ఎక్కడో సన్నగా పగిలి ఉండొచ్చు. వీటిని సరిచేయకుండా మ్యాప్ వేయిస్తే ఉన్న జబ్బు మీద ఇంకో బరువు వేసినట్టే. బాగుచేస్తే మాత్రం, పోయిందనుకున్న పికప్‌లో చాలా భాగం ఏ మోడిఫికేషనూ లేకుండానే తిరిగొస్తుంది.

మంచి షెడ్డులో నాలుగు పనులు చేయించండి. మొదటిది కంప్రెషన్ టెస్ట్. అన్ని సిలిండర్ల అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. ఒక సిలిండర్ మిగతావాటి కంటే పదిహేను శాతం తక్కువ చూపిస్తే పవర్ పెంచే ఆలోచన అక్కడితో ఆపి ఇంజన్ సంగతి చూడాలి. రెండోది స్మోక్ టెస్ట్. గాలి గొట్టాల్లోకి పొగ పంపితే లీక్ ఎక్కడుందో కంటికే కనిపిస్తుంది. మూడోది ప్లగ్‌లు, కాయిల్స్. నాలుగోది ఇంటేక్ వాల్వుల మీద పేరుకున్న మసి. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే పడుతుంది. వాల్వుల మీద పెట్రోల్ పడి కడిగే పని జరగదు కాబట్టి ఆయిల్ ఆవిరి అక్కడ అంటుకుని గట్టి మసిగా మారుతుంది. ఎక్కువ తిరిగిన టీఎస్ఐ, జీడీఐ ఇంజన్లు రెండిట్లోనూ ఇది చూడాల్సిందే.

దాంతోపాటు ఒక ఓబీడీ అడాప్టర్ (కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివి చూపించేది) కొనుక్కోండి. బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిసేది చాలు, పెద్ద ఖర్చేమీ కాదు. రోజూ వెళ్ళే దారిలోనే కొన్నాళ్ళు ఈ విలువలు రికార్డు చేయండి: ఇంటేక్ గాలి ఉష్ణోగ్రత, బూస్ట్ (టర్బో గాలిని నొక్కే పీడనం), ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం), కూలెంట్ ఉష్ణోగ్రత, లాంగ్ టర్మ్ ఫ్యూయెల్ ట్రిమ్ (ఇంధనాన్ని కంప్యూటర్ ఎంత శాతం ఎక్కువ తక్కువ చేస్తోందో చెప్పే అంకె). ఆ ట్రిమ్ అటూ ఇటూ ఐదు శాతం లోపు ఉంటే హాయి. పది దాటితే గాలి లీకో, ఇంజెక్టరో, సెన్సరో ఏదో తేడాగా ఉందని అర్థం. ఈ రికార్డు దాచిపెట్టుకోండి. తర్వాత ఏ పని చేయించినా బాగుపడిందో లేదో చెప్పగలిగేది ఇదే.

గేర్‌బాక్స్ ఎంత మోయగలదో తెలుసుకుని లక్ష్యం పెట్టుకోండి

చాలామంది ఇంజన్ ఎంత ఇవ్వగలదని అడుగుతారు. ముందు అడగాల్సింది గేర్‌బాక్స్ సంగతి. ఫోక్స్‌వాగన్, స్కోడా చిన్న టర్బో కార్లలో వచ్చే ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లతో తనంతట తానే గేరు మార్చే డీక్యూ200, కంపెనీ లెక్క ప్రకారం 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) కోసం చేసింది. పోలో జీటీ టీఎస్ఐ కంపెనీ నుంచి ఇచ్చేది 105 పీఎస్ పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్క్. అంటే అందులో కాస్త చోటుంది. మంచి స్టేజ్ 1, అంటే విడిభాగాలు మార్చకుండా ఫైల్ మాత్రమే మార్చే మ్యాప్‌తో టార్క్‌ని 220 ప్రాంతానికి తీసుకెళ్ళినా గేర్‌బాక్స్ హద్దులోనే ఉంటారు.

అదే గేర్‌బాక్స్ ఉన్న వర్టస్ జీటీ, స్లావియా 1.5 సంగతి వేరు. ఆ ఇంజన్ షోరూమ్ నుంచే 150 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు ఇస్తోంది. హద్దు అక్కడికే వచ్చేసింది. తిరుపతి ట్రాఫిక్‌లో లీలామహల్ సర్కిల్ నుంచి అలిపిరి దాకా పాకుతూ వెళ్ళేటప్పుడు ఆ డ్రై క్లచ్ ఎంత వేడెక్కుతుందో రోజూ నడిపేవాళ్ళకి తెలుసు. దాని మీద ఇంకో యాభై న్యూటన్ మీటర్లు వేయమని నేను చెప్పను. డీఎస్‌జీతో 1.5 కారున్నవాళ్ళు ఈ గైడ్‌లో రీమ్యాప్ భాగం వదిలేసి మిగతావన్నీ చేసుకోండి. మాన్యువల్ అయితే కాస్త స్వేచ్ఛ ఉంది, అప్పుడు క్లచ్ ప్లేటు ఎంత అరిగిందో చూడాలి. నాలుగో గేర్లో ఎక్కుడు మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోందన్న మాట. పవర్ పెరిగాక అది ఇంకా త్వరగా పోతుంది.

ఐ20 ఎన్ లైన్ లీటరు టర్బో ఇంజన్ 120 పీఎస్, 172 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. అందులో కొంచెం పెంచుకోవచ్చు. ఆక్టావియా ఆర్ఎస్‌లో రెండు లీటర్ల ఇంజన్, ఆయిల్‌లో మునిగి ఉండే వెట్ క్లచ్ డీఎస్‌జీ కాబట్టి చాలా వెసులుబాటు ఉంటుంది. టర్బో లేని కారు, అంటే పాత సివిక్, సిటీ లాంటివి మీ దగ్గరుంటే నేరుగా చెప్తున్నాను: రీమ్యాప్‌తో వచ్చేది చాలా తక్కువ. ఆ డబ్బు టైర్లకీ బ్రేకులకీ పెట్టండి, కారు నడపడంలో ఆనందం దానికంటే ఎక్కువ పెరుగుతుంది.

వేడి: అసలు పని ఇక్కడే

మన ఊళ్ళో వేసవిలో నలభై రెండు డిగ్రీలు చూడడం కొత్త కాదు. ఇరవై ఐదు డిగ్రీల గాలితో పోలిస్తే నలభై రెండు డిగ్రీల గాలి సాంద్రత ఐదు శాతానికి పైగా తక్కువ. ఇది మొదలు మాత్రమే. టర్బో ఆ గాలిని ఒక బార్ బూస్ట్ దాకా నొక్కితే, మామూలు సామర్థ్యమున్న టర్బోలో గాలి 130 డిగ్రీలు దాటుతుంది. ఇంటర్‌కూలర్ పని ఆ వేడిని దించడం. ఇంటర్‌కూలరే వేడెక్కి కూర్చుంటే ఇంజన్‌లోకి వేడి గాలి వెళ్తుంది, నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి అంటుకోవడం) మొదలవుతుంది, నాక్ సెన్సర్ పట్టుకుని ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది. మీరు డబ్బు పోసి పెంచుకున్న పవర్ మీకు తెలియకుండానే తగ్గిపోతుంది. మ్యాప్ వేయించుకున్నాక కారు పొద్దున భలే లాగుతోంది, మధ్యాహ్నం మామూలుగానే ఉందని చెప్పేవాళ్ళ సమస్య తొంభై పాళ్ళు ఇదే.

అలిపిరి దారి దీనికి సరైన పరీక్ష. తనిఖీ లైన్లో ఇంజన్ నడుస్తూ ఉంటుంది, ఎదురుగాలి ఉండదు, బోనెట్ కింద వేడి నిండిపోతుంది. లైన్ దాటగానే ఎక్కుడు. తిరుమల సముద్రమట్టానికి దాదాపు మూడు వేల అడుగుల ఎత్తులో ఉంది. పైకి వెళ్ళేకొద్దీ గాలి పీడనం తగ్గి, కొండ మీదికి చేరేసరికి కింద ఉన్నదానికంటే పది శాతం దాకా తక్కువవుతుంది. టర్బో లేని కారు ఆ మేరకు పవర్ కోల్పోతుంది. టర్బో కారు అదే బూస్ట్ ఇవ్వడానికి టర్బోని ఇంకా వేగంగా తిప్పుతుంది, అంటే ఇంకాస్త వేడి.

కాబట్టి వేడి విషయంలో ఈ వరసలో వెళ్ళండి. రేడియేటర్, ఏసీ కండెన్సర్, ఇంటర్‌కూలర్ రెక్కల్లో చేరిన దుమ్ము, పురుగులు ముందు కడిగించండి. నీటిని వెనక నుంచి ముందుకు, మెల్లగా కొట్టాలి. ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. చాలామంది ఈ పని చేయించరు, కానీ ఇది ఖర్చు లేని లాభం. తర్వాత కూలెంట్ మార్పించండి. కంపెనీ చెప్పిన రకమే, డిస్టిల్డ్ వాటర్‌తో సరైన పాళ్ళలో కలిపింది. బోరు నీళ్ళు పోసిన కారు మీ చేతికి వచ్చి ఉంటే సిస్టమ్ మొత్తం ఫ్లష్ చేయించాలి, మన నీళ్ళలో ఉప్పు సంగతి తెలిసిందే. రేడియేటర్ ఫ్యాన్ రెండు స్పీడుల్లోనూ తిరుగుతోందా చూడండి.

ఇంటర్‌కూలర్ మార్చే విషయం కారును బట్టి ఉంటుంది. ముందు బంపర్ వెనక గాలితో చల్లబడే ఇంటర్‌కూలర్ ఉన్న కారైతే పెద్దది పెట్టించుకోవడం తేలిక, ఫలితం కూడా స్పష్టంగా తెలుస్తుంది. ఫోక్స్‌వాగన్ చిన్న టీఎస్ఐ ఇంజన్లలో ఇంటర్‌కూలర్ నీటితో చల్లబడుతుంది, దానికి వేరే చిన్న పంపు, ముందు వేరే రేడియేటర్ ఉంటాయి. అక్కడ ఆ పంపు సరిగ్గా పనిచేస్తోందా, ఆ లైన్లో గాలి బుడగలు ఉన్నాయా చూడడమే మొదటి పని. పంపు పోయినా కారు నడుస్తూనే ఉంటుంది, పికప్ మాత్రం ఎండలో చచ్చిపోతుంది.

ఎయిర్ ఫిల్టర్ గురించి రెండు మాటలు. ఇంజన్ బేలో తెరిచిపెట్టే కోన్ ఫిల్టర్ పెట్టకండి. శబ్దం బాగుంటుంది, కానీ అది పీల్చేది ఇంజన్ పక్కన మరిగే గాలిని. కంపెనీ బాక్సులోనే పట్టే ప్యానెల్ ఫిల్టర్ చాలు. మన రోడ్ల దుమ్ముకి దాన్ని కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే మార్చండి.

పెట్రోల్

ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోల్ పోసినంత మాత్రాన పవర్ రాదు. నాకింగ్ తగ్గుతుంది, ఆ వెసులుబాటు వాడుకునేలా మ్యాప్ ఉంటేనే పవర్ వస్తుంది. ఇక్కడ మీరు తీసుకోవాల్సిన నిర్ణయం ఒకటుంది. ఎక్స్‌పీ95, ఎక్స్‌పీ100 లాంటి ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్‌కి మ్యాప్ చేయించుకుంటే ఆ పెట్రోలే ఎప్పుడూ దొరకాలి. పుంగనూరు దాటి ఏదో పల్లె దగ్గర ట్యాంకు ఖాళీ అయితే అక్కడి బంకులో ఉన్నదే పోసుకోవాలి. రోజూ తిరిగే కారుకి నా సలహా ఒక్కటే: మామూలు పెట్రోల్ మీద కూడా సురక్షితంగా నడిచేలా మ్యాప్ చేయించండి, మంచి పెట్రోల్ దొరికినప్పుడు పోసుకోండి. ఐదారు హార్స్‌పవర్ తగ్గినా మనశ్శాంతి ఉంటుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఈ20. ఇథనాల్‌లో లీటరుకి శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. అందుకే మైలేజీ కాస్త తగ్గుతుంది, అదే పవర్ కోసం ఇంజెక్టర్లు ఎక్కువ ఇంధనం పంపాల్సి వస్తుంది. పవర్ పెంచిన కారులో హై ప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు హద్దుకి దగ్గరగా పనిచేస్తున్నాయా అని ట్యూనర్ (రీమ్యాప్ చేసే మనిషి) లాగ్‌లో, అంటే కారు రికార్డులో, చూడాలి. ఈ20కి తయారుకాని పాత కారైతే ఫ్యూయెల్ హోస్‌లు, సీళ్ళు మెత్తబడ్డాయేమో చూపించి మార్పించండి. వేడి ఇంజన్ మీద పెట్రోల్ చెమ్మ కనిపించినా, వాసన వచ్చినా ఆ రోజే షెడ్డుకి తీసుకెళ్ళాలి.

బ్రేకులు, టైర్లు

ఎక్కేటప్పుడు పవర్ ఎంత అవసరమో దిగేటప్పుడు బ్రేకులు అంతకంటే అవసరం. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీల దగ్గరికి పడిపోవచ్చు. ఘాట్ దిగుతూ పెడల్ మీద కాలు తీయకుండా నొక్కితే ఆయిల్ మరిగి, బుడగలు చేరి, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. రెండేళ్ళకోసారి బ్రేక్ ఆయిల్ మార్పించడం తప్పనిసరి. పవర్ పెంచే ముందే కొత్తది పోయించండి. ప్యాడ్‌లు కాస్త ఎక్కువ వేడి తట్టుకునే రకం వేయించుకోండి, అయితే చల్లగా ఉన్నప్పుడు పట్టని రేసింగ్ ప్యాడ్‌లు రోజువారీ కారుకి వద్దు. డీఎస్‌జీ కారున్నవాళ్ళు దిగేటప్పుడు డీలో వదిలేయకుండా మాన్యువల్ మోడ్‌లో రెండో గేరో మూడో గేరో పెట్టి ఇంజన్ బ్రేకింగ్ వాడాలి.

టైర్ల సంగతి: పవర్ రోడ్డుకి చేరేది వాటి గుండానే. ముందు చక్రాల డ్రైవ్ కారులో టార్క్ పెరిగితే, వానాకాలం మొదటి జల్లు పడ్డ రోడ్డు మీద రెండో గేర్లో కూడా చక్రాలు జారతాయి. కంపెనీ పై మోడల్‌కి ఇచ్చిన సైజు దాకా వెళ్ళండి, లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు), స్పీడ్ రేటింగ్ (తట్టుకోగల వేగం) తగ్గకుండా చూసుకోండి. టైరు పక్కన ఉండే నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండు అంకెలు వారం, చివరి రెండు ఏడాది. అంగట్లో ఎక్కించే ముందు మీరే చదివి చూడండి. అపోలో టైర్ల ఫ్యాక్టరీ మన జిల్లాలోనే చిన్నపండూరులో ఉన్నా, పాత స్టాకు అంటగట్టే అంగళ్ళు మన దగ్గరా ఉన్నాయి.

చట్టం, ఇన్సూరెన్స్, వారంటీ

ఇది దాటవేసే భాగం కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలోని వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. శబ్దం, పొగ నియమాలు మీరితే 190వ సెక్షన్ కింద 10 వేల దాకా జరిమానా వేరే ఉంది.

అందుకే పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని తీసేసే డౌన్‌పైప్‌లు (టర్బో నుంచి పొగ బయటికి వెళ్ళే గొట్టాలు), చెవులు చిల్లులు పడే సైలెన్సర్లు రోడ్డు మీద తిరిగే కారుకి పెట్టకండి. పొల్యూషన్ పరీక్షలో పట్టుబడతారన్నది ఒక్కటే కారణం కాదు. ఆ విషవాయువు బడి పిల్లలు నిలబడే సిగ్నల్ దగ్గర వదుల్తారు. మీ పక్కన స్కూటీ మీద ఉన్నవాళ్ళు పీల్చాల్సింది అదే. స్టేజ్ 1 మించి వెళ్ళాలనుకునేవాళ్ళు ట్రాక్ కోసం వేరే కారు చూసుకోవడమే న్యాయం.

ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి జవాబు తీసుకోండి. చెప్పకుండా దాచిన మార్పు బయటపడితే క్లెయిమ్ తిరస్కరించే అవకాశముంది. వారంటీలో ఉన్న కారైతే ఆగండి. ఫోక్స్‌వాగన్ గ్రూప్ కార్లలో ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్చినట్టు కంపెనీ సిస్టమ్‌కి తెలిస్తే టీడీ1 అనే గుర్తు పడుతుంది. ఆ తర్వాత ఇంజన్, గేర్‌బాక్స్ క్లెయిమ్‌లు కష్టం. ఒరిజినల్ మ్యాప్ తిరిగి వేసేస్తే ఎవరికీ తెలియదని చెప్పేవాళ్ళని నమ్మకండి.

ఇప్పుడు రీమ్యాప్

పైవన్నీ తెలిసి, పూర్తి చేసి, ఇంకా కావాలనుకుంటే ఇక్కడికి రండి. సొంత డైనో ఉన్న ట్యూనర్ కోసం మనవాళ్ళు చెన్నైకో బెంగళూరుకో వెళ్తుంటారు. ఊళ్ళోకి వచ్చి ల్యాప్‌టాప్ పెట్టి పావుగంటలో ఫైల్ వేసి వెళ్ళిపోయేవాళ్ళూ ఉంటారు. ఫైల్ వేయడం పెద్ద పని కాదు. వేశాక మీ కారు మీద, మీ పెట్రోల్‌తో లాగ్‌లు తీసి సరిదిద్దడమే పని. అది చేసేవాళ్ళ దగ్గరికే వెళ్ళండి, దూరమైనా సరే.

వెళ్ళినప్పుడు మొహమాటపడకుండా అడగండి. "అన్నా, నా ఒరిజినల్ ఫైల్ కాపీ నాకిస్తారా? నాకింగ్ లాగ్ చూపిస్తారా? రెండు వేల ఆర్‌పీఎం లోపు టార్క్ ఎంత పెడుతున్నారు? ఇంటేక్ వేడి పెరిగితే పవర్ తగ్గించే రక్షణలు అలాగే ఉంచుతున్నారా?" ఈ నాలుగింటికీ సూటిగా జవాబు చెప్పే మనిషి దొరికితే సగం టెన్షన్ తగ్గినట్టే. "అవన్నీ మీకెందుకు సార్" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

అందులో మూడో ప్రశ్న ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే చిన్న టర్బో ఇంజన్లు పగిలిపోయేది చాలావరకు అక్కడే. తక్కువ ఆర్‌పీఎంలో, ఎక్కువ లోడ్ మీద, స్పార్క్ పడకముందే ఇంధనం తనంతట తాను అంటుకునే ప్రమాదం ఒకటుంది. ఎల్ఎస్‌పీఐ అంటారు. సిలిండర్ గోడ మీది ఆయిల్, పెట్రోల్ కలిసిన చుక్కలు దీనికి ఒక కారణం. ఒక్కసారి గట్టిగా జరిగినా పిస్టన్ పగలొచ్చు. కారు ఎక్కగానే వీపు సీటుకి అతుక్కోవాలని పదిహేను వందల ఆర్‌పీఎంలోనే టార్క్ మొత్తం కుమ్మరించే మ్యాప్‌లు ఈ ప్రమాదాన్ని పెంచుతాయి. టార్క్ మెల్లగా పెరిగి, రెండున్నర వేల దగ్గర నిండుగా అందేలా చేయమనండి. మొదటి క్షణంలో అంత మజా అనిపించకపోవచ్చు, ఇంజన్ మాత్రం నిలబడుతుంది. మీ వంతుగా రెండు పనులు: ఆయిల్ ఏపీఐ ఎస్‌పీ గ్రేడు ఉండి, మీ కారు కంపెనీ చెప్పిన స్పెసిఫికేషన్‌కి సరిపోయేది వాడండి. ఏపీఐ ఎస్‌పీ 2020లో వచ్చిన ప్రమాణం, ఈ ఎల్ఎస్‌పీఐని దృష్టిలో పెట్టుకునే చేసింది. ఇక ఎక్కుళ్ళ మీద పై గేర్లో ఉంచి యాక్సిలరేటర్ తొక్కకండి, గేరు దించి తొక్కండి. మొగిలి ఘాట్‌లో, భాకరాపేట ఘాట్‌లో లారీల వెనక నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

మ్యాప్ వేసేటప్పుడు బ్యాటరీకి తప్పకుండా చార్జర్ పెట్టించండి. ఫైల్ రాస్తుండగా వోల్టేజీ పడిపోతే ఈసీయూ మధ్యలో ఆగిపోతుంది, తర్వాత కారు స్టార్టే కాదు. డీఎస్‌జీ ఉంటే గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ కూడా కొత్త టార్క్‌కి తగ్గట్టు ఉందా అడగండి, లేకపోతే అది టార్క్‌ని కోసేస్తుంది, లేదా క్లచ్ జారనిస్తుంది. వైరింగ్ మధ్యలో తగిలించే ట్యూనింగ్ బాక్సులు నాకు నచ్చవు. అవి సెన్సర్ ఇచ్చే అంకెను మార్చి ఈసీయూని మభ్యపెడతాయి, కాబట్టి లోపల నిజంగా ఏం జరుగుతోందో ఈసీయూకి సరిగ్గా తెలియదు. షోరూమ్‌లో సర్వీసుకి ఇచ్చినప్పుడు వాళ్ళు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే మీ మ్యాప్ పోవచ్చు, అది కూడా గుర్తుంచుకోండి.

మ్యాప్ తర్వాత

ముందు తీసి దాచిన రికార్డు ఇప్పుడు బయటికి తీయండి. అదే దారి, అదే సమయం, అదే పెట్రోల్, మళ్ళీ లాగ్ తీయండి. ఇంటేక్ ఉష్ణోగ్రత పాత అంకె కంటే బాగా పెరిగిందా, టైమింగ్ ఒకటి రెండు సిలిండర్లలో పదేపదే వెనక్కి వెళ్తోందా చూడండి. ఏదైనా కనిపిస్తే ట్యూనర్‌కి పంపి సరిచేయించుకోండి. ఆగస్టులో వేయించుకున్న మ్యాప్‌ని మళ్ళీ మే నెలలో ఒకసారి లాగ్ చేయాల్సిందే. మన ఎండలు చూడని మ్యాప్ పూర్తయిన మ్యాప్ కాదు.

ఆయిల్ గడువు సగానికి తగ్గించండి. కంపెనీ పదిహేను వేల కిలోమీటర్లంటే మీరు ఏడు, ఏడున్నర వేలకే మార్చండి. ప్లగ్‌లు కూడా ముందుగానే మార్చాలి. గ్యాప్ ఎంత, ఒక మెట్టు చల్లటి ప్లగ్ కావాలా అన్నది ట్యూనర్‌తో మాట్లాడి తేల్చుకోండి. స్టార్ట్ చేయగానే తొక్కకండి, కూలెంట్ ముల్లు మధ్యకి వచ్చాక కూడా ఆయిల్ వేడెక్కడానికి మరికొన్ని నిమిషాలు పడుతుంది. కొండ ఎక్కాక పార్కింగ్‌కి చేరే చివరి కిలోమీటరు మెల్లగా నడపండి, టర్బో చల్లబడుతుంది.

ఇక పెరిగిన పవర్ ఎక్కడ చూసుకోవాలి? తిరుమల ఘాట్ రోడ్లు దానికి కావు. టీటీడీ ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని పెట్టిన నియమం ప్రాణాల కోసం పెట్టింది. పూతలపట్టు రోడ్డూ కాదు, పుత్తూరు రోడ్డూ కాదు. పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరు) తమిళనాడు నుంచి కాలినడకన వచ్చే భక్తులు రాత్రిపూట ఆ రోడ్ల అంచునే గుంపులుగా నడుస్తుంటారు, వాళ్ళలో ముసలివాళ్ళు, పిల్లలు ఉంటారు. హెడ్‌లైట్ వెలుగులో వాళ్ళు కనిపించేసరికి మీరు వేగంలో ఉంటే చేసేదేమీ ఉండదు. మనకు దగ్గర్లోనే, శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది. అక్కడ సొంత కార్లతో వచ్చేవాళ్ళ కోసం ట్రాక్ డేలు జరుగుతుంటాయి. హెల్మెట్ తీసుకుని, కొత్త బ్రేక్ ఆయిల్ పోయించుకుని వెళ్ళండి. నాలుగైదు ల్యాపులు కొట్టగానే లోపలికి వచ్చి, ఇంజన్ ఆపకుండా ఫ్యాన్ తిరగనిచ్చి, బ్రేకులు చల్లబడేదాకా హ్యాండ్‌బ్రేక్ వేయకుండా నిలబెట్టండి. ఇంటికి బయల్దేరే ముందు టైర్ల గాలి, వీల్ బోల్టులు ఒకసారి చూసుకోండి.